వంకాయ మానేసిన ఏడాది

వంకాయ మొదట పోయింది. వేళ్ల కణుపులు వాచి ఉంగరం ఇరుక్కుపోయిన వారమే ఎదురు ఫ్లాటు పిన్నిగారు వచ్చి నా చెయ్యి పట్టుకుని చూసి, “వంకాయ వాతం చేస్తుందమ్మా, ముందు అది ఆపేయ్” అన్నారు. ఆవిడ వెళ్లగానే ఫ్రిజ్‌లో ఉన్న అరకిలో వంకాయలు పనమ్మాయికి ఇచ్చేశాను. మరుసటి వారం బంగాళదుంప పోయింది. అది గ్యాస్ చేస్తుంది, ఆ గ్యాస్ వెళ్లి కీళ్లలో చేరుతుందిట. టమాటా మా కాలేజీ స్టాఫ్ రూములో పోయింది. పెరుగు అత్తయ్యగారు తీసేశారు, చలవకి కీళ్లు పట్టేస్తాయని. గుడ్డు వేడి కాబట్టి అదీ వద్దన్నది కూడా ఆవిడే. పప్పు మాత్రం మందుల షాపులో పోయింది. “కీళ్ల నొప్పులంటే యూరిక్ యాసిడ్ కదండీ, పప్పులు ముట్టుకోకండి” అన్నాడు కౌంటర్లో కుర్రాడు, చిల్లర ఇస్తూ. గోధుమల్లో గ్లూటెన్ ఉందని న్యూజెర్సీ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి చెప్పింది. చింతపండు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, పులుపు తింటే నొప్పులని పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. ఆఖరికి ఆకుకూరలు కూడా పోయాయి. నేను కీళ్ల కోసం వేసుకునే మెథోట్రెక్సేట్, ఫోలేట్ అనే విటమిన్‌కి అడ్డుపడే మందు, ఆకుకూరల్లో ఫోలేట్ ఉంటుంది, అవి తింటే మందు పనిచేయదు అని ఒక వాట్సాప్ మెసేజ్. లెక్కల లెక్చరర్ని కదా, ఆ తర్కం నాకు భలే నచ్చింది.

ఇదంతా 2016 సంగతి. అప్పటికి నాకు 38 ఏళ్లు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం, అని తేలిన ఏడాది తిరిగేసరికి నా కంచంలో మిగిలినవి అన్నం, బీరకాయ, సొరకాయ, ఇడ్లీ, చారు పేరుతో మిరియాలూ జీలకర్రా వేసి మరిగించిన నీళ్లు. 61 కిలోల దాన్ని 52కి వచ్చాను. పెళ్లిళ్లలో కనబడ్డవాళ్లంతా “సన్నబడ్డావ్, బావున్నావ్” అనేవారు. అందరూ బావున్నావంటుంటే నాకూ పథ్యం పనిచేస్తున్నట్టే ఉండేది.

రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు, దగ్గర ఆ భ్రమ పోయింది. ఆయన నన్ను చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నారు. లేవలేకపోయాను. మోకాళ్ల నొప్పి వల్ల కాదు, తొడల్లో బలం లేక. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. “ఏం తింటున్నారమ్మా?” అని అడిగారు. నేను వంకాయ తిననండీ, టమాటా తిననండీ అని మొదలుపెట్టాను. “తిననివి కాదమ్మా, తినేవి చెప్పండి” అన్నారు. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

అప్పటి నుంచి ఈ విషయంలో దొరికినదల్లా చదువుతున్నాను. తొమ్మిదేళ్ల జబ్బు, తొమ్మిదేళ్ల చదువు కలిపి నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది, అది చెప్పడానికే ఇదంతా. మన ఇళ్లలో పథ్యం అంటే తీసేయడం. జబ్బు ఏదైనా సరే, రోగి కంచంలోంచి ఏదో ఒకటి తీసేస్తేనే మనకి వైద్యం జరిగినట్టు ఉంటుంది. ఈ జబ్బులో ఆ అలవాటు చేసే చెరుపు ఇంతా అంతా కాదు. ఎందుకంటే ఇది ఎక్కువగా ఆడవాళ్ల జబ్బు, మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ మంది ఆడవాళ్లకి వస్తుంది. మన ఆడవాళ్ల కంచంలో తీసేయడానికి మొదటే పెద్దగా ఏమీ ఉండదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఎన్నిసార్లు చేసినా మన రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉన్నట్టే తేలుతోంది. అలాంటి మనిషికి కీళ్లవాతం వస్తే చుట్టాలంతా చెరొక కూరా తీసేస్తారు.

ముందు ఒక గందరగోళం తేల్చుకోవాలి. తెలుగులో “కీళ్ల నొప్పులు” అనే ఒక్క గోనెసంచిలో నాలుగైదు వేరువేరు జబ్బుల్ని వేసేశాం. వయసుతో మోకాలి గుజ్జు అరిగిపోవడం ఒకటి. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, స్ఫటికాలై కాలి బొటనవేలి దగ్గర చేరి, అర్ధరాత్రి దుప్పటి తగిలినా ప్రాణం పోయేట్టు చేసే గౌట్ ఇంకొకటి. 2005-06లో మన రాష్ట్రాన్ని మంచాన పడేసిన చికున్‌గున్యా మిగిల్చిపోయే నొప్పులు మరొకటి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఇవేవీ కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. రెండు చేతుల వేళ్లూ, మణికట్లూ ఒకేసారి వాస్తాయి. పొద్దున్న లేచాక గంటసేపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు బిగుసుకుపోయి ఉంటాయి. పప్పు తినొద్దన్న కుర్రాడు నాకు గౌట్ పథ్యం చెప్పాడన్నమాట. తమాషా ఏమిటంటే గౌట్‌కి కూడా అది సరైన పథ్యం కాదు. 2004లో అమెరికాలో వేల మంది మగవాళ్లని పన్నెండేళ్ల పాటు గమనించి ప్రచురించిన అధ్యయనంలో మాంసం, సముద్రపు చేపలు గౌట్ ముప్పు పెంచాయి కానీ పప్పులూ కూరగాయలూ పెంచలేదు. లేని జబ్బుకి, పనికిరాని పథ్యం చేసి, నాకు మిగిలిన ఒకే ఒక్క మాంసకృత్తుల దారి మూసుకున్నాను.

మరి ఇంతమంది “నేను ఫలానాది మానేశాను, నాకు తగ్గింది” అంటారే, వాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? లేదు. నాకూ తగ్గింది. చింతపండు మానేసిన ఐదో వారానికి పొద్దుటి బిగుతు గంటన్నర నుంచి ఇరవై నిమిషాలకి దిగింది. చింతపండే అసలు దొంగ అని అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను. తర్వాత డైరీ తిరగేస్తే తెలిసింది, చింతపండు మానేసే నాటికి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టి నెలన్నర అయింది. ఆ మందు పని మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మందు మెల్లగా పనిచేసింది, పేరు చింతపండుకి వచ్చింది. పైగా ఈ జబ్బు తరంగంలాగా ఉంటుంది, ఉబ్బుతుంది, దానంతటదే కొంత దిగుతుంది. బాగా ఉబ్బినప్పుడే మనం ఏదో ఒకటి మానేస్తాం. మానేసినా మానకపోయినా ఆ తర్వాత రావాల్సింది దిగుడే. దిగినప్పుడు చేతిలో ఏ కూర ఉంటే దాని మీద నేరం పడుతుంది. లెక్కలు చెప్పేదాన్ని, ఈ సంగతి పదిమంది చెప్పకముందే నాకు తట్టాల్సింది. నొప్పిలో ఉన్న మనిషికి తట్టదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎవరికైనా ఒక పదార్థం తిన్న ప్రతిసారీ నిజంగానే నొప్పి పెరుగుతుంటే, అది మానేస్తే పోయేదేమీ లేదు. ఒకసారి మానేసి, మూడు వారాలాగి, మళ్లీ తిని చూసుకోవాలి. “మళ్లీ తిని చూడడం” అనే రెండో సగం మన పథ్యంలో లేదు, అదే నా గొడవ. మన దగ్గర ఒకసారి కంచం దాటిన కూర తిరిగి రాదు.

తిండికీ ఈ జబ్బుకీ సంబంధమే లేదని కూడా నేను అనను. లంఖణం పరమౌషధం అన్నవాళ్లు ఊరికే అనలేదు. 1991లో నార్వేలో 53 మంది రోగుల మీద ఒక పరిశోధన చేశారు. అందులో సగం మందిని నాలుగు వారాలు ఒక ఆరోగ్య కేంద్రంలో ఉంచి, మొదట వారం పది రోజులు కూరగాయల రసాలూ కషాయాలూ మాత్రమే ఇచ్చారు. తర్వాత మూడున్నర నెలలు గ్లూటెన్, పాలు, మాంసం ఏవీ లేని తిండి పెట్టి, ఆ పైన ఏడాది నిండేవరకూ మెల్లగా పాల పదార్థాలు చేర్చారు. వాళ్లకి వాపులూ నొప్పులూ తగ్గాయి, ఏడాది తర్వాత కూడా ఆ తేడా కొంత నిలిచింది. పథ్యం చేసినవాళ్లు బరువు కూడా తగ్గారు. వాళ్లకి ఏం పెడుతున్నారో వాళ్లకి తెలుసు కూడా, కాబట్టి నమ్మకం పాలు ఎంత, తిండి పాలు ఎంత అనేది విడదీయలేం. ఉపవాసం ఉన్నన్నాళ్లూ వాపు తగ్గడం చాలా చోట్ల చూశారు, మళ్లీ మామూలుగా తినడం మొదలెడితే చాలామందికి తిరిగొస్తుంది. అలా అని ఎల్లకాలం లంఖణం చేయలేం కదా.

2003లో స్వీడన్‌లో 51 మంది మీద ఇంకొకటి జరిగింది. మధ్యధరా తీరం వాళ్ల తిండి, అంటే చేపలు, కూరలు, పళ్లు, పప్పుధాన్యాలు, ఆలివ్ నూనె, పన్నెండు వారాలు పెట్టారు. కొంత గుణం కనిపించింది. అద్భుతమేం కాదు, కానీ నిజమైన తేడా. 2022లో అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం వీటన్నిటినీ కూడబెట్టి ఒక మాట చెప్పింది: వ్యాయామం గట్టిగా సిఫారసు చేస్తున్నాం. మధ్యధరా తరహా తిండిని షరతులతో, మెత్తగా సిఫారసు చేస్తున్నాం. పేరున్న మిగతా డైట్‌లు ఏవీ వద్దు. పోషకాల మాత్రలు కూడా ఈ జబ్బు కోసమని వద్దు. గ్లూటెన్ మానేయడం, పాలు మానేయడం లాంటివన్నీ ఆ “మిగతా” లోకే వస్తాయి. వంకాయ, టమాటా, బంగాళదుంప, మిరప ఒకే కుటుంబపు మొక్కలు కాబట్టి నలుగుర్నీ కలిపి వెలివేయాలన్న వాదం ఇంగ్లీషు సైట్లలో తెగ తిరుగుతుంది. వాటివల్ల ఈ జబ్బు పెరుగుతుందని గట్టి రుజువేదీ లేదు. మా పిన్నిగారి వాతమూ, అమెరికా వాళ్ల ఈ భయమూ ఎక్కడో గాల్లో కలుసుకుని నా వంకాయ మీద పడ్డాయి.

చేపల సంగతి మాత్రం కాస్త నిలబడి చూడాలి. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వు రోజుకి సుమారు 2.7 గ్రాములు, మూడు నెలలకి తగ్గకుండా తీసుకుంటే నొప్పిమాత్రల వాడకం తగ్గుతుందని కొన్ని పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలింది. షాపులో దొరికే మామూలు 1000 మిల్లీగ్రాముల చేపనూనె గుళికలో అసలు సరుకు 300 మిల్లీగ్రాములే ఉంటుంది. అంటే రోజుకి తొమ్మిది గుళికలు. డబ్బా మీద “రోజుకి ఒకటి” అని ఉంటుంది. ఆ ఒక్క గుళికతో కీళ్ల వాపు మీద ఏం జరుగుతుందో మీరే లెక్క వేసుకోండి. అవిసె గింజలు చేపనూనెతో సమానం అనడం కూడా సగం నిజమే. వాటిలో ఉండే ఒమేగా-3 వేరే రకం, మన ఒంట్లో అది చేపనూనె రకంగా మారేది చాలా తక్కువ. అవిసె పొడి కమ్మగా ఉంటుంది, అన్నంలో కలుపుకుని తినండి, అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మాది విశాఖపట్నం. ఇక్కడ కనగుర్తలు, కవళ్లు వంజరం కంటే చాలా చవక. నూనె ఎక్కువుండే చేపలివి, ఒమేగా-3 కోసం ఐతే వంజరం కంటే ఇవే మేలు. ఇక్కడ చిన్న పిట్టకథ. కనగుర్తకి శాస్త్రీయ నామం ‘రాస్ట్రెల్లిగర్ కనగుర్త’. ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు మన తీరంలో రెండు వందల చేపలకి బొమ్మలు గీయించి 1803లో విశాఖపట్నం చేపల మీద పెద్ద పుస్తకం వేస్తే, అందులో జాలర్లు పిలిచిన పేరే లోకానికంతా ఖాయమైపోయింది. అంత పేరున్న చేపని మా ఇంట్లో “అవి నీచు, వాసన” అని కొనేవారు కాదు. వారానికి రెండుసార్లు కనగుర్తలు తింటే 2.7 గ్రాముల లెక్క రాదు, కీళ్లు బాగైపోవు. కానీ గుండెకి మంచిది. అసలు మాట అక్కడుంది.

ఈ జబ్బున్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు మిగతావాళ్ల కంటే ఒకటిన్నర రెట్లు. ఒంట్లో ఎప్పుడూ రగులుతుండే వాపు కండని కరిగిస్తుంది. బరువు అంతే ఉన్నా కండ పోయి కొవ్వు చేరుతుంది, పైకి కనబడదు. నొప్పి ఎక్కువున్నప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర ఎముకల్ని గుల్ల చేస్తుంది, షుగర్ పెంచుతుంది, ఆకలి పెంచుతుంది. కీళ్ల సంగతి చూసుకోవడానికి మందులున్నాయి. గుండె, కండ, ఎముక, రక్తం, వీటి సంగతి చూసేది తిండి. మనం పథ్యం పేరుతో కీళ్ల కోసం తిండి తీసేసి, మిగతా ఒంటినంతా ఎండబెడుతున్నాం.

పసుపు గురించి రాయకపోతే కామెంట్లలో నన్ను బతకనివ్వరు. పసుపులో గుణమంతా దానిదే అనే కర్క్యుమిన్ అనే పదార్థం ఉండేది సుమారు 3 శాతం. పరిశోధనల్లో వాడేది 500 మిల్లీగ్రాముల సారం, అంతకంటే ఎక్కువ కూడా. గ్లాసు పాలల్లో అర చెంచా పసుపు వేస్తే అందులో పదో వంతు కూడా ఉండదు, ఉన్నదీ సరిగా ఒంటబట్టదు. మిరియాల్లోని పైపరిన్ కలిపితే రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువ వెళ్తుందని 1998లో బెంగళూరులోనే చూపించారు. అందుకని ఇప్పుడు రెండూ కలిపి మాత్రలు చేసి అమ్ముతున్నారు. ఆ గాఢమైన మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు వచ్చాయి. మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లు ముందే కాలేయం పరీక్షలు చేయించుకుంటూ ఉంటారు, దాని మీద ఇదొకటి ఎందుకు? పప్పులో పోపులో వేసే పసుపుకి మాత్రం నా ఓటు ఎప్పుడూ ఉంటుంది. ఇక రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే పేరులేని ఆకుపొడులుంటాయే, వాటిని చూస్తే పరిగెత్తండి. మా చుట్టాలావిడ ఒకామె ఆరు నెలలు అలాంటి పొడి వాడి, మొహం గుండ్రంగా ఉబ్బి, షుగర్ 300 దాటాక కానీ అందులో స్టెరాయిడ్ ఉందేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు.

ఆకుకూరల తర్కం గురించి చెప్పాను కదా. అది ఎక్కడ తప్పిందో తెలుసుకుంటూ పోతే భీమవరంలో తేలాను. మెథోట్రెక్సేట్ ఫోలేట్‌కి అడ్డుపడేదే, అబద్ధం కాదు. అసలు ఈ ఫోలేట్ కథ మొదలైంది కూడా మన దేశంలోనే. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతకి ఈస్ట్ సారం పనిచేస్తోందని లూసీ విల్స్ అనే డాక్టరు 1931లో రాసింది. ఆ సారంలో ఉన్నదేమిటో తర్వాత తేలింది, ఫోలిక్ యాసిడ్. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు, పాలకూర నుంచి తీశారు మరి. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా బృందాన్ని నడిపింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే బృందం ఫోలిక్ యాసిడ్‌కి కాస్త రూపం మార్చి దానికి అడ్డుపడే మందుల్ని కూడా చేసింది, పిల్లల రక్తక్యాన్సర్ కోసం. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. 1948లో ఆయన పోయాక చాలా ఏళ్లకి, 1980ల్లో, చిన్న మోతాదులో వారానికి ఒక్కసారి వేస్తే కీళ్లవాతం అదుపులో ఉంటుందని రూఢి అయింది. ఆదివారం రాత్రి నేను 15 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ వేసుకుంటాను, సోమవారం 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్. రెండూ సుబ్బారావుగారి బల్ల మీంచి వచ్చినవే.

డాక్టరే ఫోలిక్ యాసిడ్ మాత్ర చేతికిస్తుంటే తోటకూర మానేయడంలో అర్థమేముంది? ఆ మాత్ర వల్ల నోటిపూత, వికారం, కాలేయం మీద భారం తగ్గుతాయి, మెథోట్రెక్సేట్ గుణం పోదు. గోంగూర, మెంతికూర, మునగాకు హాయిగా తినొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తిండి జాగ్రత్తలన్నిటికంటే పెద్దది: ఆ మందు వారానికి ఒక్కసారే. మాటలు సరిగా వినక రోజూ వేసుకున్నవాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. మా ఇంట్లో క్యాలెండర్‌లో ఆదివారాల మీద ఎర్ర చుక్క పెడతాను.

సోమవారం పొద్దున్న కడుపులో తిప్పుతుంది. ఆ రోజు నాకు పెరుగన్నం, ఊరవేసిన ఉసిరికాయ ముక్క తప్ప ఏదీ సహించదు. ఏ డైట్ చార్టులోనూ సోమవారం ఉండదు.

డైట్ చార్టుల్లో ఉండనిది ఇంకొకటుంది, చేతులు. ఈ సలహాలన్నీ మొదలయ్యేది “పొద్దున్నే తాజాగా” అనే మాటతో. తాజాగా రసం తీసుకోండి, తాజాగా కూర తరుక్కోండి, సిరిధాన్యాలు రాత్రి నానబోసి పొద్దున్న రుబ్బుకోండి. ఎవరు? నాకు వేళ్లు పూర్తిగా ముడుచుకునేది తొమ్మిదిన్నరకి. పొద్దున్న ఆరున్నరకి గోరువెచ్చటి నీళ్లలో చింతపండు నానేసి పిసకడం ఎలా ఉంటుందో చెప్పమంటారా? నీళ్ల వెచ్చదనం మొదట హాయిగా ఉంటుంది. తర్వాత గుప్పిట బిగించాలి. చూపుడువేలు మధ్య కణుపు దగ్గర ఆగిపోతుంది, ముందుకి రాదు. బొటనవేలితో గింజని నొక్కితే నొప్పి మణికట్టు దాకా పాకుతుంది. పీచు జల్లెడలోకి పిండే సమయానికి కళ్లల్లో నీళ్లు. కుక్కర్ మూత తిప్పడం, మిక్సీ జార్ బిగించడం, పట్టకారుతో గిన్నె దించడం, గంజి వార్చడం, కత్తిపీట మీద గుమ్మడికాయ కోయడం, చపాతీ పిండి కలపడం, తెలుగు వంటంతా మణికట్టు మీదా బొటనవేలి మీదా నడుస్తుంది. నేను పథ్యం చేసిన ఏడాది ఇంట్లో రెండు వంటలు, వాళ్లకి వంకాయ, నాకు బీరకాయ. రెండూ నేనే వండాను. తినకూడని వంకాయ కోసిందీ నేనే.

ఇది తట్టాక ఆ పరిశోధనలు మళ్లీ తీసి చదివాను. నార్వేవాళ్లని నాలుగు వారాలు వేరేచోట ఉంచి వండిపెట్టారు. స్వీడన్‌లో మొదటి మూడు వారాలు మధ్యాహ్నం, రాత్రి భోజనాలు ఆసుపత్రి క్యాంటీన్‌లోనే. పోల్చి చూడ్డానికి పెట్టుకున్న రెండో గుంపుకి కూడా అలాగే పెట్టారు కాబట్టి ఫలితం వంట తప్పినందుకు వచ్చిందని నేను అనడం లేదు. కానీ పథ్యం నడవాలంటే రోగి చేతుల్లోంచి గరిటె తీసుకోవాలని ఆ డాక్టర్లకి తెలుసు. గ్లాస్గోలో 130 మంది ఆడవాళ్ల మీద చేసిన ఇంకో పరిశోధన 2007లో వచ్చింది. బీదవాడల్లో ఉండే రోగులకి, వారానికి రెండు గంటల చొప్పున ఆరు వారాలు, చేత్తో చేయిస్తూ మధ్యధరా వంట నేర్పారు. నేర్చుకున్నవాళ్లకి నొప్పి తగ్గింది. ఉత్త కాగితం చేతికిచ్చి పంపలేదు. మన ఓపీల్లో రోగికి దొరికేది మూడు నిమిషాలు, చీటీ చివర “పోషకాహారం” అని ఒక ముక్క.

మా పెద్దమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. ఆవిడకీ ఇదే జబ్బు, వేళ్లు వంకరపోయాయి. టమాటా, వంకాయ, చింతపండు, పెరుగు అన్నీ మానిపించారు. చుట్ట మానమని మాత్రం ఎవరూ అనలేదు. మా వైపు పాతకాలం ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. ఈ జబ్బు తెచ్చిపెట్టే బయటి కారణాల్లో గట్టి రుజువున్నది పొగాకే. మందుల పనితనాన్ని కూడా అది తగ్గిస్తుంది. పొగాకంత గట్టి రుజువు ఏ కూర మీదా లేదు. ఈ సంగతి చెప్తే పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, “టమాటా మానేసినాను కదే, ఇంక సుట్ట కూడా మానీమంతే ఎలాగే?” అంది. ఇంటికి పెద్దకొడుకు పక్కనే కూర్చుని సిగరెట్ కాలుస్తూ నవ్వాడు. ఆ పొగా ఆవిడకే.

ఇప్పుడు నేనేం తింటున్నానో చెప్తాను, ఇది ఎవరికీ చార్టు కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 55 కిలోల మనిషికి రోజుకి 46 గ్రాములు. బీరకాయ ఏడాదిలో నాకు అందింది ముప్పై కూడా ఉండదు. ఇప్పుడు మధ్యాహ్నం గట్టిపప్పు ఒక గరిటె కాదు, రెండు. రోజూ ఒక గుడ్డు, రాత్రి గ్లాసు పాలు, మధ్యాహ్నం పెరుగు. కాల్షియం రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలి, 100 గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, 340 దాకా ఉంటుంది, అందుకని పొద్దున్న చోడి అంబలి. నువ్వుల పొడి ఇడ్లీలోకి. డి విటమిన్ పరీక్ష చేయించి డాక్టరు రాసినంత. వారానికి రెండుసార్లు కనగుర్తల పులుసు. నూనె వేరుశెనగదే, ఆలివ్ నూనె కొనడానికి నా జీతం నుంచి సెలవు లేదు. హిమోగ్లోబిన్ 11.6కి వచ్చింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తాను. నొప్పులు పోలేదు, పోతాయని ఎవరూ చెప్పలేదు.

వంట మా ఆయన చేస్తారు, 2018 నుంచి. మొదటి నెల పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. చింతపండు ఆదివారం ఒక్కసారే కిలో నానేసి పిసికి, ఉడికించి, ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్లో పెడతారు, చారుకి ఒక ముక్క, పులుసుకి మూడు. అత్తయ్యగారికి ఇది చాలా కాలం మింగుడు పడలేదు. మగాడు పులుసు పిసకడమేమిటని చెల్లెలికి ఫోన్లో చెప్పుకునేవారు, నాకు వినబడేలా. ఇప్పుడు ఆవిడే ట్రే ఖాళీ అయితే గుర్తుచేస్తారు.

మొన్న మా కాలేజీలో ఒక మేడంగారి వదిన ఫోన్ చేశారు. ఈ జబ్బుని పట్టిచ్చే రక్తపరీక్ష, యాంటీ-సీసీపీ, పాజిటివ్ వచ్చి పది రోజులైందిట. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. మందుల గురించి, పిల్లల గురించి కాసేపు మాట్లాడాక అసలు ప్రశ్నకి వచ్చారు.

“ఏమేం తినకూడదో కాస్త చెప్పండి, రాసుకుంటాను.”

“మీ ఇంట్లో చింతపండు ఎవరు పిసుకుతారండీ?” అని అడిగాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. నేను సరిగా వినలేదనుకున్నారో ఏమో, మళ్లీ అడగబోయి ఆగారు.

“నేనే కదండీ,” అన్నారు. “ఇంకెవరు పిసుకుతారు?”